పెరుగుతూ తగ్గిన తుడుం

ప్రవీణ్‌కి మంచి చెవి ఉందని అరకులో తెలియనివాళ్ళు లేరు. తెలియక ఏం చేస్తారు పాపం, కనబడిన ప్రతివాడికీ వాడే చెప్పుకున్నాడు. వీధి కుళాయి కింద బిందె నిండుతుంటే ఆ చప్పుడు ఏ స్వరంలో ఉందో చెప్పేవాడు. కిరండూల్ పాసింజరు రైలు కూత వేస్తే స్వరం కాస్త తగ్గిందని మొహం చిట్లించేవాడు. వాళ్ళ నాన్న శ్రీనివాసరావుకి మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు. "అంత మంచి చెవి ఉన్నోడివి, కొట్లోకి రమ్మని నేను పిలిస్తే ఇనబడదేట్రా?" అని ఆయన రోజుకోసారి అడిగేవాడు. అది కూడా వీడికి వినబడేది కాదు.

రెండువేల మూడో సంవత్సరంలో కొట్టు పక్క గదిలో కంప్యూటరు పెట్టారు. శుభలేఖలూ దరఖాస్తులూ టైపు చేసి ఇవ్వడానికని కొన్నారు. నెల తిరక్కుండా అది గాలికొండ బ్యాండు స్టూడియో అయి కూర్చుంది.

గాలికొండ బ్యాండంటే నలుగురు. పాడేది రత్న. కాఫీ నర్సరీలో పని చేస్తుంది, సంచుల్లో మట్టి నింపుతూ పాటలు కడుతుంది. తుడుం వాయించేది భీముడు, రత్నకి వరసకు బావ. రాక్ బ్యాండు అన్నాక డ్రమ్ సెట్టు ఉండాలంటారు. ఉన్నది తుడుం. భీముడు దాన్ని మెడకు తగిలించుకుని రెండు కర్రలతో బాదితే అవతలి కొండ మీద ఊరికి వినబడుతుంది కాబట్టి ఎవరికీ ఆ లోటు తెలియలేదు. బేస్ గిటారు రవిబాబుది. ఆయన ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు. ఆయన వాయించేది ఎవరికీ వినబడదు. ఒకసారి రెండు వారాల పాటు వైరు పెట్టకుండానే వాయించాడు, ఆయనతో సహా ఎవరూ కనిపెట్టలేదు. ఇక లీడ్ గిటారు ప్రవీణు. రికార్డింగు ప్రవీణు. మిక్సింగు ప్రవీణు. అంటే ఎవరి చప్పుడు ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్న సర్వాధికారాలూ వీడివే. అంత అధికారం చేతికొచ్చిన గిటారువాడు తన గిటారుని ఎక్కడ పెట్టుకుంటాడో వేరే చెప్పాలా?

ఆ ఏడాది విశాఖలో ఒక కాలేజీవాళ్ళు కొత్త బ్యాండులకి పోటీ పెట్టారు. ఒక్క పాట సీడీ మీద ఎక్కించి పంపాలి. నచ్చితే స్టేజీ ఎక్కిస్తారు. ఆఖరి రోజు శనివారం, సాయంత్రం ఆరులోపు వాళ్ళ ఆఫీసులో అందాలి. అంటే అరకులో ఒంటిగంట బస్సు దాటిపోకూడదు.

రత్న పాడేరు జీపు మీద పాట కట్టింది.

లోపల పన్నెండు, పైనేమో పన్నెండు
ఎనకాల యేలాడి ఇంకో పన్నెండు
డ్రైవరన్న కూకోడానికి సోటే నేదు
జీపెవుడు తోల్తన్నాడో అడగొద్దు బాబో!

పాట బాగుంది. దాన్ని రికార్డు చేసిన పద్ధతే కాస్త విడ్డూరం. కొట్టు వెనక గోదాంలో పసుపు బస్తాలూ రాజ్మా బస్తాలూ పైకప్పు దాకా ఉంటాయి. ఆ బస్తాల వల్ల గదిలో చప్పుడు తిరిగి మోగదని ప్రవీణు కనిపెట్టాడు. పసుపు ఘాటుకి పాటలో మూడు తుమ్ములు పడ్డాయి, అది వేరే సంగతి. ఉన్నది ఒకే మైకు. కంప్యూటరు ఫ్యాను రొద అందులో పడుతుందని కంప్యూటరు ఇవతలి గదిలోనే ఉంచి, మధ్య తలుపు గట్టిగా మూసేశాడు. ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా గోదాంలోకి పంపి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇవతల కూర్చున్నాడు. ముందు భీముడు.

"ఒరే భీముడూ, మైకు ముందు కుర్చీ ఏశాను. కూకుని, కదలకుండా వాయించు. కదిలేవంటే సప్పుడు మారిపోద్ది."

"సర్లే" అన్నాడు భీముడు. భీముడు పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా కాదనలేదు.

ఆ తరవాత రవిబాబు, రత్న, చివర్లో ప్రవీణు గిటారు. నాలుగూ అయ్యాక ప్రవీణు అన్నీ కలిపి విన్నాడు. తుడుం పెరుగుతోంది, తగ్గుతోంది. మళ్ళీ పెరుగుతోంది, మళ్ళీ తగ్గుతోంది. ఎనిమిదేసి దెబ్బలకి ఒకసారి చెవి దగ్గరికి వచ్చి, మెల్లగా ఎటో వెళ్ళిపోతోంది. మైకు చెడిపోయిందనుకుని విప్పి తుడిచాడు. వైరు మార్చాడు. కరెంటు వోల్టేజీని తిట్టాడు. పిడుగు పడ్డ ట్రాన్స్‌ఫార్మర్ని తిట్టాడు. భీముణ్ణి మాత్రం అనుమానించలేదు. కూర్చుని వాయిస్తానని అంత మర్యాదగా ఒప్పుకున్నవాణ్ణి ఎలా అనుమానిస్తాడు?

ఇక లాభం లేదని చేత్తో బాగుచెయ్యడానికి పూనుకున్నాడు. నాలుగు నిమిషాల పాటలో ఆరువందల పైచిలుకు దెబ్బలు. పెద్ద దెబ్బని పట్టుకుని తగ్గించడం, చిన్న దెబ్బని పట్టుకుని పెంచడం. పొద్దున్న కొట్టు తీసే వేళకి కంప్యూటరు ముందు కూర్చునేవాడు, అన్నానికి వాళ్ళమ్మ లక్ష్మి వచ్చి చెయ్యి పట్టుకుని లేపితే లేచేవాడు. తొమ్మిది రోజులు చేశాడు. కంప్యూటర్లో జాగా చాలక, బాగుచేసిన తుడుంని పాతదాని మీదే దాచాడు. బాగయ్యాక పాతది దేనికిలే అనుకున్నాడు. పదో రోజుకి తుడుం ఇస్త్రీ చేసిన చొక్కాలా అయింది. ఎక్కడా ముడత లేదు. నా చెవి ఏమన్నా మామూలు చెవా అని తనని తాను మెచ్చుకుని, ఆ ఊపులో గిటారు ఇంకో రెండు గీతలు పెంచుకున్నాడు.

గురువారం నర్సరీ నుంచి వస్తూ వస్తూ రత్న పాట వినడానికి ఆగింది. గోళ్ళలో మట్టి ఇంకా అలాగే ఉంది. పాట మొత్తం కదలకుండా వింది.

"నా గొంతేదిరా?"

"ఉంది. ఇదిగో, సూడు, ఇక్కడ" అని తెర మీద చూపించాడు.

"అది గీతరా. నాను గొంతు అడుగుతున్నాను."

సరేనని ప్రవీణు ఆమె గొంతు పెంచాడు. అప్పుడు తుడుం పోయింది. తుడుం పెంచాడు. గిటారు తగ్గినట్టనిపించి, ఎవరూ చూడకుండా దాన్నీ పెంచాడు. రవిబాబుని పెంచినా తేడా లేదు గనక ఆయన్ని వదిలేశాడు. అన్నీ పెరిగాక తెర మీద ఎర్ర దీపం వెలిగి, స్పీకరు గరగరమంది. గొంతు మాత్రం ఎక్కడ మునిగిందో అక్కడే ఉంది.

"ఒరే, నర్సరీలో మొక్కకి మొక్క అడ్డమొత్తే ఏది పీకాలో మాకు తెలుత్తాది. నువ్వు అన్నీ పీకుతావు, నీ గిటారు తప్ప" అంది రత్న. చెప్పులు వేసుకుంది. "సెప్తన్నాను ఇనుకో. శనివారం నాటికి నా గొంతు ఇనబడితే సీడీ మీద నా పేరు రాయి. నేకపోతే రాయకు. ఆ తరవాత నాను రాను కూడాను. నాను పాడింది మా అవ్వకి కూడా ఇనబడకపోతే నాకెందుకీ బ్యాండు?"

మాట తీరుని బట్టి అది ఉత్త బెదిరింపు కాదని ప్రవీణుకి తెలిసింది. భయం వేసింది. రత్న లేకపోతే పాట లేదు, పాట లేకపోతే భీముడూ రాడు, మాస్టారూ రాడు. సాయంత్రం నాలుగింటికి ఆ ముగ్గురూ వచ్చి గోదాం అరుగు మీద కూర్చుని వీణ్ణి ఆటపట్టిస్తారే, ఆ రెండు గంటలే వీడి రోజంతటిలో రోజు. అది పోతే వీడికి మిగిలేది కౌంటరు. అటువైపు ఊరంతా, ఇటువైపు వీడు.

మర్నాడు శుక్రవారం, సంత. రత్న వాళ్ళ అవ్వ తవిటమ్మ చీపురు కట్టలు అమ్ముకుని, అలవాటు ప్రకారం కొట్టు అరుగు మీద కూలబడి టీ తాగుతోంది. వాళ్ళ ఊళ్ళో ధింసా ఆడితే వరస ముందు ఉండేది ఆవిడే. ఎవరు ఎవరి పక్కన చెయ్యి పట్టుకోవాలో, ఎవరు వెనక్కి పోవాలో ఆవిడ కళ్ళతోనే చెప్తుందని, చెప్పినట్టు వినకపోతే చేతికర్ర కూడా మాట్లాడుతుందని అంటారు. సంత రద్దీకి నాన్న కౌంటరు దగ్గర నిలబెడితే, ప్రవీణు ఆ రోజు కనబడిన ప్రతివాడికీ పాట వినిపించి ఎలా ఉందని అడుగుతున్నాడు. ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా బాగుందనే అన్నారు, లేకపోతే ఉప్పు ఇచ్చేలా లేడు. వాళ్ళ తరవాత ముసలమ్మకీ వినిపించాడు.

తవిటమ్మ టీ గ్లాసు కింద పెట్టి, చెవి ఒగ్గి వింది. మొహం గంభీరంగా పెట్టింది.

"అయ్యో! ఎవుడు పోనాడ్రా?" అంది.

"ఎవరూ పోలేదవ్వా. అది జీపు పాట."

"మరి తుడుమోడు ఒక్క సోటే నిలబడిపోనాడేటి? మా ఊర్ల సావుకి నిలబడి వాయిత్తారు. ఆటకీ పాటకీ తిరిగి వాయిత్తారు. తిరిగితేనే కదా తుడుం వత్తాది, పోతాది? అది అల్లంత దూరం పోయినప్పుడు పాడేదాని గొంతు పైకి లేత్తాది. ఇదేటిది, ఎదవ నస, ఎక్కడా సందే నేదు!"

ప్రవీణుకి అప్పుడు వెలిగింది. వస్తుంది, పోతుంది. ఎనిమిదేసి దెబ్బలకి ఒకసారి. కౌంటరు మీంచి ఒక్క దూకు దూకి సంతలోకి పరిగెత్తాడు. భీముడు చేపలవాళ్ళ దగ్గర బేరమాడుతుంటే చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు.

"నిజం సెప్పు. గోదాంలో కూకుని వాయించేవా, తిరిగేవా?"

భీముడు కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీశాడు. "కూకోమన్నావు కదా, కాదంటే నువ్వు బాధపడతావని సర్లే అన్నాను. కూకుని ఆట పాట ఎలాగ వాయిత్తానురా? ఇంట్లో ఎవులైనా పోతే? నువ్వెలాగూ తలుపేసుకున్నావు, కనబడదు కదాని తిరిగినాను."

"మరి కుర్చీ?"

"కుర్సీ సుట్టూరానే తిరిగినాను" అన్నాడు భీముడు, తన వంతు మాట నిలబెట్టుకున్నవాడిలా.

తొమ్మిది రోజులు. ఆరువందల దెబ్బలు. బతికున్న తుడుంని పట్టుకుని, ఒక్కొక్క దెబ్బకీ నున్నగా తల దువ్వి, చావు వాయిద్యం చేసి పెట్టాడు మన మంచి చెవి మహానుభావుడు. పాతది ఉంటే అదైనా మిగిలేది, దాన్ని తనే చెరిపేశాడు. ప్రవీణు అరుగు మీద కూలబడ్డాడు. వాణ్ణి చూసి భీముడికే జాలేసి, చేపల సంచీ పక్కన పెట్టి వాడి పక్కనే కూర్చున్నాడు.

తవిటమ్మకి అలాంటి జాలి ఏమీ కలగలేదు. మిగిలిన టీ తాగేసింది. "రేపు పొద్దున్న మా రత్న గుంటని తీసుకుని వత్తాను. ఆ మైకో ఏటో, దాన్ని మద్దిలో యేలాడగట్టు. ఆ కుర్సీ అవతల పారెయ్యి" అని చేతికర్ర అందుకుని వెళ్ళిపోయింది.

శనివారం తొమ్మిదింటికల్లా బస్తాలన్నీ గోడలకి చేరాయి, మైకు దూలం నుంచి తాడుకి వేలాడింది. తలుపు ఈసారి బార్లా తీసే ఉంచారు. రత్న వచ్చింది గాని ప్రవీణుతో మాట్లాడలేదు. తవిటమ్మ మధ్యలో నిలబడి, పాట ఒకసారి ఊరికే పాడించుకుని, చేతికర్రతో పని మొదలుపెట్టింది. రవిబాబు మాస్టారు ఎలాగూ ఎవరికీ వినబడడు గనక, ఆయన్నీ, ఆయన బేసు చప్పుడు కోసం వైరు తగిలించుకున్న టేప్‌రికార్డరునీ మైకు కిందే కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళకి తనని గుర్తించినవాళ్ళు దొరికారని ఆయన మురిసిపోయాడు. రత్నని మైకుకి రెండడుగుల దూరంలో చిన్న చుట్టు తిరగమంది. భీముణ్ణి బస్తాల వెంబడి పెద్ద చుట్టు తిరగమంది.

"ఇది పాట అందుకునేటప్పుడు నువ్వు ఆ మూలకి ఎల్లిపోయి ఉండాల. ఇది ఊపిరి తీసుకునేటప్పుడు నువ్వు ఇక్కడికొచ్చి కొట్టాల. తెలిసిందా?"

భీముడికి ఎప్పుడో తెలుసు.

చివరికి ప్రవీణు వంతు వచ్చింది. వాడి గిటారు చప్పుడు వచ్చే పెట్టె చిన్నది, బ్యాటరీలతో పని చేస్తుంది, బడి సంచీలా భుజానికి తగిలించుకుంటాడు. వాయించి చూపించమంది. వాయించాడు. తవిటమ్మ ఒక చెవి మూసుకుంది.

"నువ్వు బయటికి పో."

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకా."

బస్తాల దాకా పోయాడు.

"ఇంకా పోరా, గడప దాటు" అంది. గడప దాటాక గాని ముసలమ్మ చెవి మీంచి చెయ్యి తియ్యలేదు. మొన్నటి నుంచి మాట్లాడని రత్న అప్పుడు ఫక్కున నవ్వింది. అన్నాళ్ళూ తెర మీద గీతలు పెంచుకుంటూ పోయినవాణ్ణి ఒక్క కర్రతో అంత దూరం తగ్గించేసరికి, నిజం చెప్పొద్దూ, చూడ్డానికి కడుపు నిండింది.

పదకొండున్నరకి మొదటిసారి రికార్డయింది. అందరూ కంప్యూటరు చుట్టూ మూగి విన్నారు. రత్న గొంతు! జీపు మీద కూర్చుని మనకే చెప్తున్నట్టు ఒక్కొక్క మాటా వచ్చింది. తుడుం తిరిగి తిరిగి వచ్చి ఒళ్ళు కదిలిస్తోంది. మాస్టారు బేసు వినబడింది. అందులో రెండు తప్పులున్నాయని కూడా అప్పుడే తెలిసింది. గిటారు మాత్రం పక్క వీధిలో ఎవరో వాయించుకుంటున్నట్టు ఉంది. వీడు ఆర్నెల్లు సాధన చేసిన ముక్క వచ్చి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

ప్రవీణుకి ఏడుపొచ్చినంత పనైంది. చెయ్యి అలవాటుగా మౌసు మీదికి వెళ్ళింది. పెంచడానికి అక్కడేముంది? అందరూ ఒకే గీతలో ఉన్నారు, గిటారుని పెంచితే అందరూ పెరుగుతారు. పైగా బాగుంది. మంచి చెవి ఉన్నవాడు కదా, బాగున్నదని ఆ చెవికీ తెలిసిపోయింది.

"ఇదే పంపేద్దాం" అన్నాడు. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డాడో వాడికే తెలుసు.

రత్న వెంటనే కవరు మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాసుకుంది. రాశాక వాడి వైపు చూసింది. "నీ గిటారు ఏదిరా?"

"ఉందిలే. సరిగ్గా వింటే ఉంది."

"గీత సూపిత్తావా ఇప్పుడు నువ్వూనూ?" అంది. "నా గొంతు నేదని నాను నిన్ను అన్నాను కదా. మరి నీది నేకపోతే నాను ఊరుకోవాలా? ఇంకోసారి పాడదాం. బేగి పదండి, నాలుగు నిమిషాల పని."

తవిటమ్మ మళ్ళీ మధ్యలోకి వచ్చి నిలబడింది. ప్రవీణు రికార్డింగు మీట నొక్కి, పరుగున పోయి మళ్ళీ గడప అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ చెప్పలేదు మరి. వాడి మనసులో ఒకటే బెదురు. దగ్గరికి వెళ్తే రత్న గొంతు మళ్ళీ మునుగుతుంది, అప్పుడు తను పాడు చేసినట్టే. అందుకని ఇంకా మెల్లగా వాయించాడు. రెండో చరణం అయింది. రత్న గొంతు ఆపి ఊపిరి తీసుకుంది. భీముడు ఈసారి మైకు దగ్గరికి రాకుండా, గిటారుకి దారిచ్చి తుడుంతో దూరంగా మూలకి వెళ్ళిపోయాడు. గిటారు ముక్క వాయించే చోటు వచ్చింది. గది మధ్యలో అంత ఖాళీ ఉంది, ప్రవీణు గడప బయట గొణుగుతూ నిలబడ్డాడు.

"ఓరి గుంటడా!" అని అరిచింది తవిటమ్మ, పాట మధ్యలో, మైకు పక్కనే నిలబడి. "లోనికి రారా! ఆడ నిలబడి ఏటి సేత్తన్నావు?"

ప్రవీణు గడప దాటాడు. రత్న పక్కకి జరిగి చోటిచ్చింది. వాడు తిరగడం మొదలుపెట్టాడు. ఆర్నెల్లు సాధన చేసినదంతా ఎక్కడికి పోయిందో, నాలుగే నాలుగు స్వరాలు గుర్తున్నాయి. వాటినే తిప్పి తిప్పి వాయించాడు. ఎదురుగా భీముడు నవ్వుతూ తుడుం మీద వాటికి జవాబిచ్చాడు. రత్న మళ్ళీ అందుకునేసరికి, ఎవరూ చెప్పకుండానే వాడి కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి.

విన్నప్పుడు గొంతు ఉంది, తుడుం ఉంది, గిటారు ఉంది. ముసలమ్మ కేక కూడా ఉంది, గిటారు ముక్కకి ముందు, గోదాం కప్పు ఎగిరిపోయేంత గట్టిగా.

"పాట చాలా చక్కగా వచ్చింది. ఆ కేక మాత్రం కోసెయ్యండి, ప్రవీణ్" అన్నాడు రవిబాబు. "పోటీకి వెళ్ళే పాట, జడ్జీలు నవ్వుతారు."

పన్నెండుంబావు అయింది. కోయడానికి టైముంది. కేక మీద రత్న గొంతు లేదు, తుడుం ఒక చుట్టు మేర కోసి అతికితే సరి, రెండు నిమిషాల పని. ప్రవీణు ఆ చోటు పట్టుకుని మళ్ళీ విన్నాడు. మళ్ళీ విన్నాడు. వాడు అరకులోనే పుట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి పండక్కీ రోడ్డు వార నిలబడి ధింసా చూశాడు. వద్దని వాణ్ణి ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. షావుకారు గారి అబ్బాయి చూస్తున్నాడులే అనుకునేవాళ్ళు.

"ఏట్రా, కోత్తావా?" అంది రత్న.

"కొయ్యను."

"జడ్జీలు నవ్వితే?" అన్నాడు రవిబాబు.

"నవ్వనీండి మాస్టారూ" అన్నాడు ప్రవీణు. "ఆవిడ పిలిచింది నన్ను."

సీడీ కవర్లో పెట్టి, భీముడి సైకిలు వెనక కూర్చుని బస్టాండుకి వెళ్ళాడు.